రాత్రంతా తిరిగే ముసలి కుక్క, పొద్దున్నే డ్యూటీ

ఆళ్లగడ్డలో ఇల్లు, నంద్యాలలో ఉద్యోగం. పొద్దున ఎనిమిది గంటలకల్లా బస్టాండులో ఉండాలి. ఇంట్లో పదమూడేళ్ల కుక్క. రాత్రి ఒంటిగంటకు లేచి హాల్లో ఆ గోడకూ ఈ గోడకూ తిరుగుతుంది. బీరువా పక్క సందులో తల దూర్చి, వెనక్కి రావడం తెలియక అక్కడే నిలబడి అరుస్తుంది. ఇన్నేళ్లూ తలుపు దగ్గర నిలబడి బయటికి పంపమని అడిగిన ప్రాణి ఇప్పుడు పూజగది ముందే పోసేస్తుంది. నెల తిరిగేసరికి ఇంట్లో ఒక్కరికీ సరైన నిద్ర ఉండదు. అప్పుడు చుట్టుపక్కల నుంచి సలహాలు మొదలవుతాయి. ముసలిదైంది, అంతే అంటారు ఒకరు. గేటు బయట కట్టెయ్యమంటారు ఇంకొకరు. నల్లమల దారిలో ఎక్కడైనా వదిలేసి రమ్మనేవాళ్లూ ఉంటారు.

ఈ మూడు సలహాల్లో ఏదీ వినొద్దు. ఇది జబ్బు. దీనికి వైద్యం ఉంది. పూర్తిగా నయం కాకపోయినా, కుక్క ఇంకొన్నాళ్లు నెమ్మదిగా బతికేలా, ఇంట్లోవాళ్లు నిద్రపోయేలా చేసే మార్గాలున్నాయి. అడగ్గానే సెలవు దొరకని గుమస్తాలు, టీచర్లు, కండక్టర్లు, బ్యాంకు ఉద్యోగులు, రోజు కూలి మీద బతికే శిల్పశాల పనివాళ్లు కూడా వాటిని పాటించగలరు. రోజును కాస్త కొత్తగా అమర్చుకోవాలి.

కుక్కకు వయసు మళ్లాక మెదడులో వచ్చే ఈ మార్పులు మనుషుల్లో అల్జీమర్స్ జబ్బును చాలావరకు పోలి ఉంటాయి. బీటా అమైలాయిడ్ అనే ప్రోటీన్ మెదడులో పేరుకుంటుంది, మెదడు కొంత కుంచించుకుపోతుంది. డాక్టర్లు దీన్ని కెనైన్ కాగ్నిటివ్ డిస్‌ఫంక్షన్ అంటారు. ఇది అరుదైనదేమీ కాదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం డేవిస్ పరిశోధకులు 2001లో ప్రచురించిన అధ్యయనంలో 11, 12 ఏళ్ల కుక్కల్లో 28 శాతానికి, 15, 16 ఏళ్ల కుక్కల్లో 68 శాతానికి ఈ లక్షణాల్లో కనీసం ఒకటి కనబడింది. ఆస్ట్రేలియాలో 2010లో వచ్చిన మరో అధ్యయనం ఇంకా ముఖ్యమైన సంగతి బయటపెట్టింది. అక్కడి ముసలి కుక్కల్లో 14 శాతానికి ఈ జబ్బు ఉండగా, డాక్టరు గుర్తించినవి 2 శాతం లోపే. మిగతా ఇళ్లలో వయసు మీద నెట్టి ఊరుకున్నారు. పశువుల ఆసుపత్రి అనగానే గేదె, గొర్రె గుర్తొచ్చే మన దగ్గర అలా ఊరుకునేవాళ్లు ఇంకా ఎక్కువే ఉంటారని నా అనుమానం.

లక్షణాలు ఒక్కరోజులో రావు. కుక్క తెలిసిన ఇంట్లోనే దారి తప్పుతుంది, తలుపు తెరుచుకునే వైపు కాకుండా బందుల వైపు నిలబడుతుంది. గోడను చూస్తూ ఉండిపోతుంది. మీరు ఇంటికొస్తే ఎదురొచ్చేది రావడం మానేస్తుంది, లేదా ఒక్క నిమిషం కూడా వదలకుండా కాళ్లకు చుట్టుకుంటుంది. పగలు నిద్ర, రాత్రి తిరుగుడు. ఇంట్లోనే మలమూత్రాలు. ఇప్పుడే తిని మళ్లీ గిన్నె దగ్గరికి పోవడం. పేరు పెట్టి పిలిస్తే వేరేవైపు చూడటం. ఇవి నెలల తరబడి మెల్లగా పెరుగుతాయి. మన ప్రాంతంలో ఇంకో చిక్కుంది. పత్తికొండ దగ్గరి పందికోన జాతి కుక్కల్ని చాలామంది కాపలా కోసం పెంచుతారు. కాపలా కుక్క రాత్రి మొరిగితే దొంగ అలికిడి విన్నదనుకుంటాం, దాని పని అది చేస్తోందనుకుంటాం. కానీ ఎవరూ లేని గోడవైపు తిరిగి, ఒకే తీరున, గంటసేపు అరిచే అరుపు కాపలా అరుపు కాదు. ఆ తేడా పెంచినవాళ్లకే తెలుస్తుంది.

ఒక్కరోజులో వచ్చిన మార్పైతే మాత్రం అది మతిమరుపు కాదనే అనుకుని వెంటనే ఆసుపత్రికి తీసుకుపోండి. నిన్న బాగున్న కుక్క ఈరోజు తల ఒకవైపు వాల్చి, పడిపోతూ తిరిగితే పక్షవాతమని భయపడతాం. చాలాసార్లు అది లోపలి చెవి సమతూకం దెబ్బతిని వచ్చేది, కొన్ని రోజుల్లో తగ్గేదే. గర్భసంచి తీయించని ముసలి ఆడకుక్క నీళ్లు విపరీతంగా తాగుతూ, తిండి మానేసి మందకొడిగా పడుకుంటే గర్భసంచిలో చీము పట్టి ఉండొచ్చు. అలాంటప్పుడు ఆదివారం వచ్చేదాకా ఆగితే ప్రాణం పోతుంది.

డాక్టరు దగ్గరికి చేతులూపుకుంటూ వెళ్లొద్దు

నంద్యాలలోగానీ ఆళ్లగడ్డలోగానీ పశువుల డాక్టరు రోజంతా చూసేది పాడి పశువుల్ని, జీవాల్ని. మీ కుక్కకు ఆయన ఇవ్వగలిగిన సమయం తక్కువ. పైగా రాత్రి జరిగేది పగలు ఆసుపత్రిలో కనబడదు. టేబుల్ మీద నిలబెట్టగానే భయంతో కుక్క చురుగ్గానే ఉంటుంది. అందుకే వెళ్లేముందు మూడు నాలుగు రాత్రులు ఫోన్‌లో వీడియో తీయండి, ఒక్కొక్కటి నిమిషం చాలు. ఒక కాగితం మీద ఇవి రాసుకోండి: ఎప్పుడు మొదలైంది, రాత్రి ఏ వేళకు లేస్తుంది, నీళ్లు ఎక్కువ తాగుతోందా, బరువు తగ్గిందా, మెట్లెక్కుతోందా, ఏ మందులు వాడుతున్నారు, పిడుదులకు చివరిసారి ఏ మందు పట్టించారు. ఆ కాగితం చూస్తే డాక్టరు అడగాల్సిన ప్రశ్నల్లో సగం తీరిపోతాయి.

ఈ జబ్బును తేల్చి చెప్పే రక్తపరీక్ష లేదు. మిగతావి కావని తేలాకే ఇదని చెప్తారు. అందుకే పరీక్షలు అనవసరమనుకోకండి. మూత్రపిండాల జబ్బు, మూత్రంలో ఇన్ఫెక్షన్, షుగరు, థైరాయిడ్ తగ్గడం, అధిక రక్తపోటు, పంటి నొప్పి, కంటిపొర, చెవుడు, మెదడులో గడ్డ... వీటిలో ఏదైనా మతిమరుపులాగే కనబడగలదు. పిడుదుల వల్ల వచ్చే ఎర్లీకియా జ్వరం మన వేడి ప్రాంతాల్లో మామూలు. కుక్క నీరసంగా, దిక్కుతోచనట్టు ఉంటే దానికీ పరీక్ష చేయించాలి. అన్నిటికంటే ఎక్కువగా మరుగున పడేది కీళ్లనొప్పి. రాత్రి కుక్క లేచి తిరగడానికి కారణం ఒక్కోసారి మెదడు కాదు, పడుకుంటే నడుము నొప్పి పుట్టడం. నొప్పికి మందిస్తే పదిరోజుల్లో నిద్ర పట్టిన కుక్కలున్నాయి.

స్థానికంగా తేలకపోతే ప్రొద్దుటూరులో పశువైద్య కళాశాల ఉంది, ఆళ్లగడ్డ వాళ్లకు తిరుపతి కంటే చాలా దగ్గర. అప్పటికీ తేలని కేసైతే తిరుపతి కళాశాల. ప్రయాణం పెట్టుకునే ముందు ఫోన్ చేసి, చిన్న జంతువుల్ని చూసే డాక్టరు ఏ రోజుల్లో ఉంటారో కనుక్కోండి. ఒక రోజు సెలవు వృథా కాకుండా ఉంటుంది. కదల్లేని స్థితిలో ఉంటే 1962 నంబరుకు ఫోన్ చేసి సంచార పశువైద్య వాహనం వస్తుందేమో అడగొచ్చు.

మందు గురించి. అమెరికాలో 1998లో ఈ జబ్బుకు సెలిజిలిన్ అనే మందుకు అనుమతి వచ్చింది. మనుషుల్లో పార్కిన్‌సన్స్ జబ్బుకు వాడేది అదే. అన్ని కుక్కలకూ పనిచేయదు, పనిచేసేవాటిలోనూ ఫలితం కనబడటానికి నెల, నెలన్నర పడుతుంది. పది రోజులకే లాభం లేదని ఆపేయకండి. డాక్టరు రాస్తే ఉదయంపూటే ఇవ్వండి, సాయంత్రం ఇస్తే రాత్రి ఇంకా చురుకవుతుంది. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది. పిడుదులు పోవడానికి నీళ్లలో కలిపి ఒంటికి పట్టించే అమిట్రాజ్, నొప్పికి ఇచ్చే ట్రమడాల్, మనుషుల దిగులు మందుల్లో చాలా రకాలు సెలిజిలిన్‌తో కలవకూడదు. మందుల షాపులోనో ఎరువుల షాపులోనో కొని ఎవరికి వారు పిడుదుల మందు పట్టించే అలవాటు మన దగ్గర బాగా ఉంది కాబట్టి ఈ మాట డాక్టరుకు మీరే గుర్తుచేయండి. నిద్ర కోసం మెలటోనిన్‌గానీ, ఆందోళనకు వేరే మందుగానీ ఆయన రాయొచ్చు. ఇంట్లో అవ్వ వేసుకునే నిద్రమాత్రలో సగం విరిచి మాత్రం ఎప్పుడూ వేయొద్దు. పారాసిటమాల్, ఐబుప్రొఫెన్ కూడా కుక్కకు విషంతో సమానం.

ఇల్లు

మన ఇళ్లలో నేల బేతంచెర్ల బండలదో, కడప బండలదో, లేకపోతే టైల్స్‌ది. పాలిష్ పట్టిన బండ మీద ముసలి కుక్క కాళ్లు జారిపోతాయి. ఒకసారి జారిపడ్డ కుక్క ఆ గది దాటడానికే భయపడుతుంది. అది పడుకునే చోటు నుంచి నీళ్ల గిన్నె దాకా, అక్కడి నుంచి వాకిలి దాకా గోనెపట్టాలుగానీ రబ్బరు మ్యాట్లుగానీ వరసగా పరచండి. కళ్లు సరిగా కనబడకపోయినా కాలికి తగిలే పట్టాను బట్టి దారి తెలుస్తుంది. పెద్ద ఖర్చు లేకుండా ఇంట్లో చేయగలిగిన మార్పుల్లో దీన్ని మించింది నాకు తెలిసి లేదు.

బీరువా పక్క, ఫ్రిజ్ వెనక, మంచం కింద సందుల్ని అట్టపెట్టెలతో మూసేయండి. మిద్దె మెట్లకు అడ్డంగా పలక పెట్టండి. సంపు మూత సరిగా పడిందో లేదో రోజూ చూసుకోండి. దిక్కుతెలియని కుక్కకు సంపు చాలా ప్రమాదం. కుక్కను మిద్దె మీద ఉంచే అలవాటుంటే ఇక కిందికి దించాల్సిందే. పిట్టగోడ అంచు దానికి అంచని తెలియదు. పైగా నంద్యాలలో ఏప్రిల్, మే నెలల్లో 44, 45 డిగ్రీల ఎండ కొత్తేమీ కాదు. నీళ్ల గిన్నె ఎక్కడుందో మరిచిపోయే కుక్కకు మూడు నాలుగు చోట్ల నీళ్లు పెట్టాలి, ఆ చోట్లు మార్చకూడదు. పండగకు సున్నం కొట్టి సామాన్లన్నీ తిప్పి సర్దే పని ఈ ఏటికి మానుకుంటే మంచిది.

గొలుసుతో కట్టకండి. తిరిగే జబ్బున్న కుక్క గొలుసును స్తంభానికి చుట్టుకుని, తల కదలక, గంటలతరబడి పెనుగులాడుతుంది. గ్రిల్లున్న వసారా గానీ, మంచం లేని గది గానీ సరిపోతుంది. మెడపట్టీకి ఫోన్ నంబరు రాసిన బిళ్ల తప్పనిసరి. గేటు తెరిచి ఉంటే ఈ కుక్కలు బయటికి పోతాయి, తిరిగి రాలేవు. రేబిస్ టీకా ప్రతి ఏడూ వేయించిన కార్డు చేతిలో ఉంచుకోండి. ముసలిదైనా టీకా ఆపకూడదు. నిద్రలో ఉన్నదాన్ని హఠాత్తుగా తాకితే ఎప్పుడూ కరవని కుక్క కూడా కరవొచ్చు. పిల్లలకు ముందే చెప్పి ఉంచండి. పళ్లు దిగితే గాయాన్ని సబ్బుతో ధారనీళ్ల కింద పదిహేను నిమిషాలు కడిగి, అదేరోజు ఆసుపత్రికి వెళ్లాలి.

తిండి ఎప్పటిదే పెట్టొచ్చు, వేళ మాత్రం మారకూడదు. మెత్తని సంగటిలో ఉడికించిన కోడిమాంసం ముసలి పళ్లకు సులువు. ఉల్లిపాయ, వెల్లుల్లి వేసిన కూరపులుసు కలపకండి, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. ద్రాక్ష, ఎండుద్రాక్ష మూత్రపిండాలకు చేటు. చక్కెర లేని చూయింగ్ గమ్‌లో ఉండే జైలిటాల్ కొద్దిపాటిదైనా ప్రాణం తీస్తుంది. మెదడుకు మంచిదని కొబ్బరినూనె చెంచాలు చెంచాలు పోయమని ఈమధ్య అందరూ చెప్తున్నారు. పరిశోధనల్లో మేలు చేసింది ఎంసీటీ అనే ప్రత్యేకమైన నూనె కలిపిన ఆహారం. కొబ్బరినూనె, ఎంసీటీ నూనె ఒకటి కాదు. కొవ్వు ఎక్కువైతే కుక్కకు క్లోమం వాస్తుంది, అది చాలా బాధ పెట్టే జబ్బు.

పగలు మెలకువగా ఉంచితేనే రాత్రి నిద్ర

అమెరికాలో డాగ్ ఏజింగ్ ప్రాజెక్ట్ 15 వేలకు పైగా కుక్కల వివరాలతో 2022లో ఒక అధ్యయనం ప్రచురించింది. చురుగ్గా తిరిగే కుక్కలతో పోలిస్తే కదలిక లేని కుక్కల్లో ఈ జబ్బు కనబడే అవకాశం ఆరు రెట్లకు పైగా ఉందని తేలింది. కదలక జబ్బొచ్చిందా, జబ్బుచేసి కదలడం మానిందా అన్నది ఆ లెక్కలు చెప్పవు. అయితే అంతకు ముందు బీగిల్ కుక్కల మీద ఏళ్లపాటు చేసిన పరిశోధనలో మంచి ఆహారం ఒక్కటే ఇచ్చినవాటికంటే, ఆహారంతోపాటు ఆట, నడక, తోటి కుక్కల సావాసం ఉన్నవాటి బుర్ర బాగా పనిచేసింది. కాబట్టి కుక్కను పగలు నిద్రపోనిచ్చి రాత్రి మందుతో పడుకోబెట్టాలని చూస్తే లాభం ఉండదు.

ఉద్యోగస్తుల ఇంట్లో ఇదే కష్టం. తొమ్మిదికి తాళం వేస్తే సాయంత్రం ఆరుకు తీస్తారు. ఆ తొమ్మిది గంటలూ అది పడుకుంటుంది, మీరు పడుకునే వేళకు దానికి తెల్లారుతుంది. దీన్ని మార్చాలంటే మూడు వేళలు గట్టిగా పట్టుకోవాలి.

ఉదయం ఆరు లోపు లేచి పావుగంట వెలుతురులో నడిపించండి. దూరం ముఖ్యం కాదు, అది ఆగి వాసన చూస్తే చూడనివ్వండి. ఎండాకాలంలో పొద్దెక్కితే రోడ్డు అరికాళ్లను కాలుస్తుంది.

మధ్యాహ్నం ఎవరో ఒకరు రావాలి. దీన్ని తప్పించుకునే మార్గం లేదు. మీ ఇల్లూ పనీ నంద్యాలలోనే అయితే భోజనం వేళకు ఇంటికొచ్చి వెళ్లండి. ఆళ్లగడ్డ నుంచి వచ్చేవాళ్లకు అది కుదరదు. అప్పుడు పక్కింటివాళ్లను అడగాలి, మొహమాటపడకుండా, ఏం కావాలో తేల్చి చెప్పి అడగాలి. "వదినా, మధ్యాహ్నం ఒంటిగంటకు ఒకసారి మా టామీని వాకిట్లోకి తీసుకొచ్చి, నీళ్లు పెట్టి, పది నిమిషాలు కూర్చోండి చాలు. నెలాఖరుకు ఏమివ్వాలో మీరే చెప్పండి." కాలేజీకి పోయే పిల్లలుంటే వాళ్లకు ఈ పని అప్పగించి డబ్బులివ్వడం ఇంకా మంచిది, వేళకు వస్తారు. వచ్చినవాళ్లు పాత చీర ముడుల్లో కోడిమాంసం ముక్కలు పెట్టి ఇస్తే అది వాసన పట్టి వెతుక్కుంటుంది. ఆ పది నిమిషాల వెతుకులాటకు దాని మెదడు గట్టిగానే పనిచేస్తుంది.

సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది దాకా పడుకోనివ్వకండి. మీరూ అలసిపోయే ఉంటారు, తెలుసు. టీవీ ముందు కూర్చున్నా సరే, అది కునుకు తీస్తుంటే పేరు పెట్టి పిలిచి, ఒళ్లు నిమిరి, గది దాటించండి. ఏడున్నరకు నడక, ఎనిమిదికి తిండి, పదికి చివరిసారి వాకిలి. పడక మీ మంచం పక్కనే వేయండి, మీ పాత దుప్పటే పరిచి. చిన్న నైట్ బల్బు వెలగనివ్వండి. చీకట్లో దారి తెలియక కూడా కుక్కలు అరుస్తాయి.

అయినా రెండింటికి లేస్తే? పెద్ద లైట్లు వేయకండి. తిట్టకండి, తిండి పెట్టకండి, ఆడించకండి. వాకిలికి తీసుకుపోయి, నీళ్లు చూపించి, ఒకే మాట చెప్పి మళ్లీ పడక దగ్గరికి తేవాలి. రోజూ అదే మాట, అదే గొంతు. అర్ధరాత్రి బిస్కెట్టు వేస్తే మరుసటి రాత్రి బిస్కెట్టు కోసమే లేస్తుంది, అంత గుర్తు దానికి ఇంకా ఉంటుంది.

డ్యూటీ

కుక్కను ప్రేమగా చూసుకునే చాలామంది తమ ఒంటిని మాత్రం పట్టించుకోరు. నా దృష్టిలో ఈ మొత్తంలో అత్యంత ప్రమాదకరమైనది అదే. మూడు గంటలే నిద్రపోయినవాడు పొద్దున్నే మోటారుసైకిలు మీద 40వ నంబరు జాతీయ రహదారి ఎక్కకూడదు. ఆళ్లగడ్డ, నంద్యాల మధ్య లారీలు ఎలా పోతాయో తెలిసినవాళ్లకు ఇంకేం చెప్పక్కర్లేదు. రాత్రి పాడైన రోజున బండి ఇంట్లో పెట్టి బస్సెక్కండి, బస్సులో ఒక గంటైనా కునుకు దక్కుతుంది. ఆళ్లగడ్డలో రాయి చెక్కేవాళ్లు ఆరోజు కటింగ్ మెషీన్ జోలికి పోకుండా నగిషీ పనో, నునుపు పట్టే పనో చేసుకోవాలి. మేస్త్రీకి చెప్పండి, చేతివేళ్లు పోయాక చెప్పే దానికంటే ముందు చెప్తేనే నయం.

రాత్రుళ్లు ఇంట్లో వంతులు వేసుకోవాలి. ఒక్కరే రోజూ లేస్తే పదిహేను రోజుల్లో ఆ మనిషి పడిపోతారు. సాధారణంగా ఆ ఒక్కరూ ఇంటి ఇల్లాలే అవుతుంది, ఆమెకు ఉద్యోగం ఉన్నా కూడా. ఒకరి వంతు రాత్రి రెండోవాళ్లు వేరే గదిలో తలుపేసుకుని పడుకోవాలి. ఒంటరిగా ఉండేవాళ్లు వారానికి ఒక్క రాత్రైనా తమ్ముణ్నో స్నేహితుణ్నో పిలిచి కుక్కను అప్పగించి నిద్రపోవాలి.

ఆఫీసులో చెప్పాలా వద్దా? చెప్పాలి, కానీ కథంతా కాదు. "కుక్కకు బాగోలేదు" అని మొదలుపెడితే కొందరు నవ్వుతారు, ఆ నవ్వుకు మీరు బాధపడి ఊరుకుంటారు, పని జరగదు. ఏం కావాలో, ఎన్నాళ్లు కావాలో, బదులుగా మీరేం చేస్తారో చెప్పండి. బ్యాంకులో అయితే: "సార్, ఇంట్లో రాత్రిపూట చూసుకోవాల్సిన పని పడింది. రెండు వారాలు క్యాష్ కౌంటర్ బదులు వేరే సీటు ఇవ్వండి, నెలాఖరు పని నేను చూసుకుంటాను." నిద్రలేని కళ్లతో నోట్లు లెక్కపెట్టి తక్కువొస్తే జేబులోంచి కట్టాల్సింది మీరే. ఆర్టీసీలో నైట్ అవుట్ డ్యూటీలు పడేవాళ్లు తోటివాళ్లతో మార్చుకోవాలంటే చార్టు పడకముందే అడగాలి. మార్చుకున్న డ్యూటీని పండగ రోజున తిరిగి ఇవ్వండి, రెండోసారి అడిగే ముఖం ఉంటుంది.

సెలవుల్ని ముందే విడగొట్టుకోండి. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఏడాదికి 15 సీఎల్‌లు, అరపూట సీఎల్ కూడా పెట్టుకోవచ్చు. ఆసుపత్రికి అరపూట చాలు. షాపుల్లో, ప్రైవేటు ఆఫీసుల్లో పనిచేసేవాళ్లకు ఆంధ్రప్రదేశ్ దుకాణాలు, సంస్థల చట్టం (1988) ప్రకారం ఏడాదికి 12 రోజుల దాకా సెలవు అడిగే హక్కుంది. జబ్బుకే కాదు, తగిన మరే కారణానికైనా. యజమానితో గొడవపడమని కాదు, అడగడానికి భయపడాల్సిన పని లేదని. వీటిలో మూడు రోజుల్ని తాకకుండా పక్కన పెట్టుకోండి. చివర్లో అవసరమవుతాయి.

బదిలీల కాలం గురించి ఒక మాట. ఎండాకాలంలో బదిలీ కాగితం వస్తే మొదట తెగేది కుక్క సంగతే. పాత ఇంటి ఓనరుకు అప్పగించడం, ఊరి పొలంలో వదిలిపెట్టడం జరుగుతుంటాయి. కొత్త చోటు ఈ కుక్కకు కష్టమే, అయినా మనిషి మారడం కంటే ఇల్లు మారడమే నయం. దాని దుప్పటి ఉతక్కుండా తీసుకెళ్లండి. గిన్నెలు అవే ఉండాలి. మొదటి వారం ఒకే గదిలో ఉంచి, తర్వాత ఒక్కో గది చూపించండి. తిండీ నీళ్లూ లేక బాధపడే పరిస్థితిలో జంతువును వదిలేయడం 1960 నాటి జంతు హింస నిరోధక చట్టం 11వ సెక్షన్ ప్రకారం నేరం. ఆ చట్టం లేకపోయినా, ఇంటిదారే తెలియని ప్రాణిని నల్లమల అంచున దింపితే అది రెండు రోజులు బతకదు.

చివరి నిర్ణయం

ఇది తగ్గే జబ్బు కాదు, మెల్లగా పెరిగే జబ్బు. కొన్ని నెలలు బాగా గడవొచ్చు, రెండేళ్లు కూడా గడవొచ్చు. గోడకున్న క్యాలెండరులో రోజూ రాత్రి ఒక గుర్తు పెట్టండి: తిన్నది, తోక ఊపింది, కొంతసేపైనా నిద్రపోయింది అంటే మంచి రోజు. చెడ్డ రోజులు మంచి రోజులను దాటిపోతే, తిండి మానేస్తే, మిమ్మల్ని చూసి కూడా భయపడుతుంటే, నొప్పి మందుకు లొంగకపోతే డాక్టరుతో దయామరణం గురించి మాట్లాడాలి. ముందు మత్తు ఇస్తారు, నిద్రలోకి పోయాక రెండో మందు ఇస్తారు. బాధ ఉండదు.

పాపమని మన ఇళ్లలో ఈ మాట ఎత్తరు. ఆ భయాన్ని నేను తీసిపారేయను. కానీ కళ్లు, చెవులు, జ్ఞాపకం అన్నీ పోయి, ఒళ్లంతా పుండ్లు పడి, నేల మీద ఈడ్చుకుంటున్న ప్రాణిని దాని పాటికి దాన్ని వదిలేయడం పుణ్యం అనిపించుకోదు. ఇంట్లో పెద్దవాళ్లు ఒప్పుకోకపోతే డాక్టరునే వాళ్లతో మాట్లాడమని అడగండి. ఆయన చెప్తే వింటారు. ఆ రోజును మీ డ్యూటీ చూసుకుని ముందే నిర్ణయించుకోండి, సాయంత్రం కాకుండా ఉదయం పెట్టుకోండి, దగ్గర ఉండండి. అది మిమ్మల్ని గుర్తుపట్టకపోయినా మీ వాసన, మీ చేయి దానికి తెలుస్తాయి. పూడ్చడానికి సొంత పొలంలో, బావికీ బోరుకూ దూరంగా లోతైన గుంత తీయించండి.

పక్కన పెట్టుకోమన్న మూడు రోజుల సెలవు ఇప్పుడు వాడుకోండి. పద్నాలుగేళ్లు ఇంట్లో తిరిగిన ప్రాణి పోతే మనిషికి రెండు మూడు రోజులు పని మీద బుద్ధి నిలవదు, అది సహజం. సెలవు చీటీలో కారణం రాయాల్సి వస్తే కడుపునొప్పి అని రాయకండి, ఉన్నదే రాయండి. రేపు మీ ఆఫీసులో ఇంకొకరు ఇదే కారణంతో వస్తే వాళ్ల సెలవు తేలికవుతుంది.